ఎముకలో చేరిన ఫ్లోరైడ్

ప్రశ్న: మా నాన్నగారు మర్రిగూడలో చిన్నప్పటి నుంచి బోరు నీళ్లే తాగారు. ఇప్పుడు మెడ తిప్పలేరు, నడుము వంచలేరు. కృష్ణా నీళ్లు వచ్చి ఏళ్లయినా ఎందుకు బాగుపడలేదు? అప్పట్లో నీళ్లు కాచి తాగి ఉంటే సరిపోయేదా?
— ఒక పాఠకురాలు, నల్గొండ జిల్లా

జవాబు: మీ ఉత్తరం చదివి మనసు కలుక్కుమంది. ఎముకలోని ఖనిజం ప్రధానంగా కాల్షియం, ఫాస్ఫేటు, హైడ్రాక్సిల్ (ఆక్సిజన్, హైడ్రోజన్‌ల జంట) కలిసి ఏర్పడిన అతి సన్నని స్ఫటికాలు. బోరు నీటితో లోపలికి వెళ్లిన ఫ్లోరైడ్, పరిమాణంలో హైడ్రాక్సిల్‌కు దగ్గరగా ఉండటం వల్ల, స్ఫటికంలో దాని స్థానాన్ని ఆక్రమిస్తుంది. అలా మారిన ఖనిజం మునుపటికంటే తక్కువగా కరుగుతుంది కాబట్టి, పాత ఎముక అరిగి కొత్తది ఏర్పడే నిదానమైన క్రమంలోనే ఫ్లోరైడ్ కొద్దికొద్దిగా బయటపడుతుంది. దానికి ఏళ్లూ పూళ్లూ గడవాలి. అంతకన్నా బాధాకరమైనది, కీళ్లను పట్టి ఉంచే సంధిబంధనాలు సైతం ఎముకలా గట్టిపడటం. వెన్నుపూసలు ఒకదానికొకటి అతుక్కుపోయాక ఎంత మంచి నీరైనా వాటిని విడదీయలేదు.

కాచినందువల్ల ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై అది ఇంకా చిక్కబడుతుంది. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదు. పటిక, సున్నం కలిపి నీటిని తేర్చి ఫ్లోరైడ్ తగ్గించే విధానానికి మీ నల్గొండ పేరే పెట్టారు. కాల్చిన పశువుల ఎముకల బొగ్గుతో వడగట్టినా ఫ్లోరైడ్ తగ్గుతుంది. మనిషి ఎముకను పాడుచేసిన ఆకర్షణే అక్కడ నీటిని శుభ్రం చేస్తుంది. ఎదిగే పిల్లల ఎముకలు ఫ్లోరైడ్‌ను మరింత త్వరగా పట్టుకుంటాయి గనుక, ఇంట్లో వారికి తాగడానికే కాదు, అన్నం పప్పు వండటానికీ కృష్ణా నీళ్లే వాడండి.