రాయితీపై వచ్చే ఎలక్ట్రిక్ ఎస్‌యూవీ: ఎంత తగ్గించారని కాదు, ఎందుకు తగ్గించారని అడగండి

తక్కువ బడ్జెట్టులో కారు కొనాలనుకుంటున్నామని, భారీ రాయితీపై ఒక ఎలక్ట్రిక్ ఎస్‌యూవీ వస్తోందని, అది తీసుకోవడం మేలా లేక చిన్న పెట్రోలు కారు కొనడం మేలా అని మీరు అడిగారు. మా ఇంట్లో సరిగ్గా ఇదే విషయం మీద చాలాకాలం తర్జనభర్జన జరిగింది. చివరికి రాయితీపై వచ్చిన ఎలక్ట్రిక్ ఎస్‌యూవీనే కొన్నాం, ఇప్పటికీ మాకున్న ఒకే కారు అదే. కాబట్టి సూటిగానే చెబుతాను. రాత్రిపూట కారు నిలిపే చోట మీ సొంత మీటరుకు కలిపిన ప్లగ్ పాయింటు ఉంటే ఈ బేరం గురించి తప్పకుండా ఆలోచించండి. అది లేకపోతే సగం ధరకు ఇస్తామన్నా వద్దు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. విద్యుత్ కారు వల్ల కలిగే పొదుపంతా ఇంటి ప్లగ్ దగ్గరే మొదలవుతుంది. గంటకు 3 యూనిట్ల చొప్పున ఇచ్చే 15 ఆంపియర్ల ఇంటి సాకెట్టుకు రాత్రి పది గంటలు తగిలించి ఉంచితే, ఛార్జింగ్ జరిగేటప్పుడు వృథా అయ్యే 10, 15 శాతాన్ని తీసేసినా, మధ్యస్థాయి ఎస్‌యూవీ సుమారు 150 కిలోమీటర్లు తిరగడానికి సరిపడా విద్యుత్తు బ్యాటరీలోకి చేరుతుంది. మనలో చాలామంది రోజూ అందులో మూడో వంతు కూడా తిరగరు. అదే విద్యుత్తును రోడ్డు పక్కన ఉన్న ఫాస్ట్ ఛార్జర్ దగ్గర కొంటే యూనిట్ ధర ఇంటి ధరకు ఎన్నో రెట్లు ఉండవచ్చు, పైగా అక్కడ కూర్చున్న సమయం కూడా మీదే. పూర్తిగా బయటి ఛార్జింగ్ మీద ఆధారపడి విద్యుత్ కారు నడిపేవారికి పెట్రోలు కారుతో పోలిస్తే మిగిలేది చాలా తక్కువ.

ఇంటి ప్లగ్ ఉన్నవారికి మాత్రం లెక్క పూర్తిగా వేరు. లీటరు పెట్రోలులో దాదాపు 9 యూనిట్ల శక్తి ఉంటుంది. అంటే 40 యూనిట్ల బ్యాటరీ నిండా ఉన్న శక్తి నాలుగున్నర లీటర్ల పెట్రోలుకు సమానం. ఆ మాత్రం శక్తితోనే ఒక బరువైన బండి 200 కిలోమీటర్లు దాటి వెళుతోందంటే, మోటారు తనకు అందిన విద్యుత్తులో 90 శాతం వరకు చక్రాలకు చేర్చగలుగుతుంది కాబట్టే. పెట్రోలు ఇంజన్ తనకు అందిన శక్తిలో ఎక్కువ భాగాన్ని వేడిగా వదిలేస్తుంది. దీనికితోడు ఇంజన్ ఆయిల్, స్పార్క్ ప్లగ్‌లు, క్లచ్ ప్లేట్ల ఖర్చు ఉండదు. వేగం తగ్గించినప్పుడు మోటారే జనరేటరుగా మారి బండిని నెమ్మదింపజేస్తుంది కాబట్టి బ్రేకు ప్యాడ్‌లు కూడా చాలాకాలం వస్తాయి. టైర్లు మాత్రం బండి బరువు వల్ల, మోటారు ఒక్కసారిగా ఇచ్చే లాగుడు వల్ల త్వరగా అరుగుతాయి. అమ్మేవారు ఈ మాట మాత్రం చెప్పరు.

ఇక రాయితీ సంగతి. ఏ కంపెనీ కూడా ఊరికే ధర తగ్గించదు. బ్యాటరీల ధర 2010 నుంచి 2024 నాటికి సుమారు 90 శాతం పడిపోయింది కాబట్టి కొత్త మోడల్ వచ్చిన ప్రతిసారీ పాత మోడల్ విలువ దానంతట అదే కరిగిపోతుంది. ఇది ఒక కారణం, దీని వల్ల కొనేవారికి వచ్చే నష్టం పెద్దగా లేదు. రెండోది పోటీ. 2023 జనవరిలో టెస్లా అమెరికాలో, ఐరోపాలో కొన్ని మోడళ్ల ధరలను 20 శాతం వరకు తగ్గించినప్పుడు అంతకు కొద్ది వారాల ముందు కొన్నవారు ఎంత బాధపడ్డారో ఊహించవచ్చు, అయితే తగ్గిన తర్వాత కొన్నవారికి అందిన కారులో లోపమేమీ లేదు. మూడోది ప్రమాదకరమైనది. ఫిస్కర్ అనే కంపెనీ తన ఓషన్ అనే ఎలక్ట్రిక్ ఎస్‌యూవీ ధరలను 2024 మార్చిలో భారీగా కోసింది, అదే ఏడాది జూన్‌లో దివాలా పిటిషన్ వేసింది. ఆ కారు నడవాలంటే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు, విడిభాగాలు, వారంటీ అన్నీ కంపెనీ నుంచే రావాలి, కంపెనీయే చేతులెత్తేస్తే కొన్నవారి గతి ఏమిటి? పెట్రోలు కారు కంపెనీ మూతపడినా వీధి చివరి మెకానిక్ కొన్నాళ్లు నెట్టుకురాగలడు. విద్యుత్ కారు విషయంలో ఆ ధీమా లేదు. కాబట్టి రాయితీ అంకె చూసే ముందు ఆ కంపెనీ మరో ఎనిమిదేళ్లు నిలబడుతుందా అన్నది చూడండి.

మేము కొన్న బండికి రాయితీ రావడానికి కారణం పాత స్టాకు కావడమే. ఆ బండిని చూడడానికి షోరూమ్‌వారి స్టాక్ యార్డుకు వెళ్లినప్పుడు జరిగింది కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే మీరు కూడా సరిగ్గా ఇవే చూడాలి. బండి మీద దుమ్ము మందంగా పేరుకుని ఉంది. తాళం నొక్కితే తలుపు తెరుచుకోలేదు. సేల్స్ అబ్బాయి తడబడుతూ ఎవరినో పిలిపించి, బయటి నుంచి ఇంకో చిన్న బ్యాటరీ తెప్పించి తగిలించిన తర్వాతే తెర వెలిగింది. విద్యుత్ కారులో పెద్ద బ్యాటరీ కాక మామూలు కార్లలో ఉండేటటువంటి 12 వోల్టుల చిన్న బ్యాటరీ కూడా ఒకటి ఉంటుందని, తలుపులు, తెర, పెద్ద బ్యాటరీని కలిపే స్విచ్‌లు అన్నీ దాని మీదే నడుస్తాయని, అది చచ్చిపోతే పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా బండి కదలదని చాలామందికి తెలియదు. మా తమ్ముడు ఈలోగా మోకాళ్ల మీద కూర్చుని టైరు పక్కగోడ తుడిచి అక్కడున్న నాలుగంకెలు చదివాడు. అందులో మొదటి రెండూ టైరు తయారైన వారం, చివరి రెండూ సంవత్సరం. ఉదాహరణకు 1422 అని ఉంటే 2022లో 14వ వారమని అర్థం. డ్రైవరు తలుపు తెరిచి పక్క స్తంభం మీదున్న పలక చూస్తే బండి తయారైన నెల కూడా దానికి సరిపోయింది. ‘ఒక్క కిలోమీటరు కూడా తిరగని కొత్త బండి సార్’ అని అబ్బాయి అంటూనే ఉన్నాడు. తెర మీద ఛార్జింగ్ మాత్రం అడుగంటి ఉంది.

తిరగకపోవడం కొత్తదనానికి గుర్తు కాదు. లిథియం అయాన్ బ్యాటరీ వాడినా వాడకపోయినా వయసు మీద పడుతూనే ఉంటుంది. వేడిలో, పూర్తి ఛార్జింగ్‌తో నిలిపి ఉంచితే ఇంకా త్వరగా పడుతుంది. పూర్తిగా ఖాళీ చేసి నెలల తరబడి వదిలేస్తే సెల్ వోల్టేజీ ఉండవలసిన దానికన్నా కిందికి జారి శాశ్వత నష్టం జరిగే ప్రమాదం ఉంది. నిల్వ ఉంచే బండిలో సగం దరిదాపుల్లో ఛార్జింగ్ ఉండడం మంచిది. అందుకే మేము మూడు విషయాలు కాగితం మీద రాయించుకున్నాం. బ్యాటరీ ఆరోగ్యం ఎంత శాతం ఉందో సర్వీసు కేంద్రంలో పరీక్షించి ఇచ్చే నివేదిక ఒకటి, చిన్న బ్యాటరీ కొత్తది వేయడం రెండోది, వారంటీ బండి తయారైన రోజు నుంచి కాక మాకు అప్పగించిన రోజు నుంచి మొదలవుతుందన్న హామీ మూడోది. ‘అది ఎలాగూ అంతే కదా సార్’ అన్న నోటిమాటను మేము ఒప్పుకోలేదు, మీరు కూడా ఒప్పుకోవద్దు. చాలా కంపెనీలు బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఇస్తాయి, సామర్థ్యం 70 శాతం కంటే తగ్గితేనే అది వర్తించడం సాధారణం. అంతటి ముఖ్యమైన గడువులో ఏడాది యార్డులోనే గడిచిపోతే రాయితీలో కొంత భాగం మీకు తెలియకుండానే వెనక్కి పోయినట్టే.

బ్యాటరీ ఏ రకానిదో కూడా అడగండి. ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకం కొంచెం బరువెక్కువ, చలిలో ఛార్జింగ్ నెమ్మదిస్తుంది, అయితే ఎక్కువసార్లు ఛార్జింగ్ తట్టుకుంటుంది, వేడికి అంత సులభంగా అంటుకోదు, అప్పుడప్పుడు 100 శాతం నింపడం దానికి అవసరం కూడా. ఎన్ఎంసీ (నికెల్, మాంగనీస్, కోబాల్ట్) రకం అదే బరువులో ఎక్కువ దూరం ఇస్తుంది కానీ రోజూ 80 శాతం దగ్గర ఆపడం దానికి మంచిది. బడ్జెట్టు చూసుకుని కొని, పదేళ్లు వాడుకునేవారికి నా ఓటు ఎల్ఎఫ్‌పీకే. ఏ రకమైనా బ్యాటరీని చల్లబరచడానికి ద్రవ వ్యవస్థ ఉండి తీరాలి. 2010 చివర్లో వచ్చిన నిస్సాన్ లీఫ్‌లో అది లేకపోవడం వల్ల వేడి ప్రాంతాలలో తొలి కార్ల బ్యాటరీలు ఎంత త్వరగా నీరసించాయో అందరికీ తెలిసినదే. ఛార్జింగ్ సాకెట్ రకాన్ని కూడా పరిశీలించాలి. చాడెమో అనే పాత రకం ఫాస్ట్ ఛార్జింగ్ సాకెట్ ఉన్న మోడళ్లు చౌకగా దొరుకుతాయి, ఎందుకంటే కొత్తగా పెడుతున్న ఛార్జర్లలో ఆ కేబుల్ అరుదైపోతోంది.

రేంజ్, అంటే ఒకసారి పూర్తిగా ఛార్జ్ చేస్తే బండి వెళ్లే దూరం విషయంలో నాకున్న కోపాన్ని దాచుకోలేను. ప్రయోగశాలలో తేల్చిన అంకెను పెద్ద అక్షరాలతో గోడ మీద రాసి, కొనేవాడు అంత దూరం వెళ్లగలడని నమ్మేలా చేయడం అన్యాయం. 2017 నుంచి ఐరోపాలో అమలులోకి వచ్చిన డబ్ల్యూఎల్‌టీపీ అనే రేంజ్ పరీక్ష అంతకుముందున్న ఎన్ఈడీసీ అనే పరీక్ష కంటే వాస్తవానికి దగ్గరగా ఉంటుంది కానీ, అది కూడా ఏసీ వేసుకుని, ఇంటిల్లిపాది కూర్చుని, హైవే మీద గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వెళ్లే ప్రయాణం కాదు. గాలి నిరోధం వేగానికి వర్గంగా పెరుగుతుంది కాబట్టి 80 నుంచి 110కి వెళితే అది దాదాపు రెట్టింపవుతుంది. ఎత్తుగా, వెడల్పుగా ఉండే ఎస్‌యూవీ ముందుభాగం ఆ గాలిని ఇంకా ఎక్కువగా ఎదుర్కోవాలి. నిజం చెప్పాలంటే విద్యుత్ కారుకు ఎస్‌యూవీ ఆకారం అస్సలు నప్పదు. అదే బ్యాటరీని నేలకు దగ్గరగా ఉండే కారులో పెడితే ఇంకా ఎక్కువ దూరం వెళుతుంది. జనం ఎత్తు కోరుకుంటున్నారని కంపెనీలు అవే తయారుచేస్తున్నాయి, మనం కూడా అవే కొంటున్నాం. మేము టెస్ట్ డ్రైవ్‌ను షోరూమ్ చుట్టూ ఒక ప్రదక్షిణతో ముగించనివ్వకుండా హైవే ఎక్కించాం. నలుగురం కూర్చుని, ఏసీ వేసి, ట్రిప్ మీటరును సున్నా చేసి, వంద కిలోమీటర్లకు ఎన్ని యూనిట్లు ఖర్చవుతున్నాయో తెర మీద చూశాం. బ్యాటరీ సామర్థ్యాన్ని ఆ అంకెతో భాగించి వందతో గుణిస్తే మీ అసలు రేంజ్ వస్తుంది. దూరప్రయాణంలో 10 నుంచి 80 శాతం మధ్యనే తిరుగుతారు కాబట్టి అందులో 70 శాతమే ఒక విడత ప్రయాణమని లెక్క వేసుకోండి. ఆ అంకె మీకు సరిపోతే చాలు, గోడ మీద ఏం రాసి ఉన్నా పట్టించుకోనక్కర్లేదు.

రాయితీని లాభంగా లెక్క వేయకండి. ఈరోజు ఆ బండి బజారులో ఏ ధరకు అమ్ముడవుతోందో అదే దాని ధర, రేపు మీరు అమ్మబోతే కొనేవాడు పాత బోర్డు ధరను చూడడు. విద్యుత్ కార్ల పునర్విక్రయ విలువ పెట్రోలు కార్ల కంటే వేగంగా పడిపోతోందన్నది నిజమే. 2024 జనవరిలో హెర్ట్జ్ అద్దె కార్ల సంస్థ తన దగ్గరున్న సుమారు 20,000 విద్యుత్ కార్లను అమ్మేస్తామని ప్రకటించడానికి తరుగుదల కూడా ఒక కారణం. మూడేళ్లకోసారి కారు మార్చే అలవాటున్నవారు దీని జోలికి రాకూడదు. ఎనిమిది, పదేళ్లు వాడేవారికి ఆ తరుగుదలలో ఎక్కువ భాగం రాయితీ రూపంలో ముందే తీరిపోయి ఉంటుంది, ఆ తర్వాత తిరిగిన ప్రతి కిలోమీటరూ లాభమే. అప్పు చేసి కొంటున్నట్లయితే వాయిదాల గడువు బ్యాటరీ వారంటీ గడువు కంటే తక్కువగా ఉండేలా చూసుకోండి. బీమా ప్రీమియం కూడా బేరానికి ముందే అడిగి తెలుసుకోండి, ఎందుకంటే బండి అడుగున ఉండే బ్యాటరీ పెట్టెకు గట్టి దెబ్బ తగిలితే మరమ్మతు బిల్లు మామూలు కారు బిల్లులా ఉండదు. బ్యాటరీకి ఆ బీమాలో రక్షణ ఉందో లేదో పాలసీ కాగితంలో చదివి మరీ సంతకం పెట్టండి.

మీ ప్రశ్నలో చిన్న పెట్రోలు కారు పేరు కూడా ఎత్తారు. ఇంట్లో ప్లగ్ లేనివారికి, నెలకు కొన్ని వందల కిలోమీటర్లకు మించి తిరగనివారికి నా సలహా అదే, ఎందుకంటే తక్కువ తిరిగేవారికి ఇంధనంలో మిగిలేది కొనుగోలు ధరలోని తేడాను ఎప్పటికీ పూడ్చలేదు. మీరు రోజూ తిరిగేవారైతే, అద్దె ఇంట్లో ఉంటే, ముందు ఇంటి యజమానిని అడిగి, మీ మీటరు నుంచి పార్కింగ్ దాకా సరైన మందం ఉన్న తీగ లాగి, ఎర్తింగ్‌తో ప్లగ్ పాయింటు పెట్టించడానికి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. ఆ కాగితం చేతికి వచ్చిన తర్వాతే షోరూమ్‌కు అడ్వాన్సు కట్టండి.