సైటేషన్లు ఎక్కువ ఉన్న పేపరే గొప్ప పేపరా?

మీరు అడిగింది ఇదీ: విజయవాడలో ఫిజియాలజీ పీజీ, థీసిస్ జ్ఞాపకశక్తి మీద. గైడ్ "ముఖ్యమైన పేపర్లు ఒక్కటీ వదలొద్దు" అన్నారు. సైటేషన్ల సంఖ్య, అంటే ఒక పేపర్‌ను ఎన్ని ఇతర పేపర్లు ఉదహరించాయో ఆ లెక్క చూసి పైనున్న ఓ ఇరవై ఏరుకుంటే సరిపోతుందా?

సరిపోదండీ. అలాగని ఆ సంఖ్యను బొత్తిగా వదిలేయనక్కర్లేదు. నేను గుంటూరులో ఎండీ చేసినప్పుడు నా థీసిస్ షుగర్ ఉన్న పెద్దవాళ్ల జ్ఞాపకశక్తి మీద. అందుకే ఈ తంటా కాస్త తెలుసు.

1971లో వచ్చిన రెండు పేపర్లు చూడండి. ఒకటి ఓల్డ్‌ఫీల్డ్‌ది, మనిషిది కుడిచేతి వాటమా ఎడమచేతి వాటమా తేల్చే ప్రశ్నావళి. రెండోది ఓకీఫ్, దోస్త్రోవ్‌స్కీలది. ఎలుక ఫలానా చోట ఉన్నప్పుడే హిప్పోకాంపస్‌లో (మెదడులో జ్ఞాపకాలకు కీలకమైన భాగం) కొన్ని కణాలు చురుగ్గా స్పందిస్తాయని చెప్పిన ఐదు పేజీల పేపర్. ఓకీఫ్‌కి 2014లో నోబెల్ తెచ్చిన పని అక్కడే మొదలైంది. కానీ సైటేషన్లలో ఓల్డ్‌ఫీల్డ్ ఆయన్ని ఎంతో వెనక్కి నెట్టేశాడు. ఎందుకో తెలియాలంటే ఏదైనా ఎమ్మారై పేపర్ తీసి మెథడ్స్, అంటే ప్రయోగం ఎలా చేశారో చెప్పే భాగం చూడండి. "పాల్గొన్నవారంతా కుడిచేతి వాటం వారే (ఓల్డ్‌ఫీల్డ్, 1971)" అని ఒక్క వాక్యం ఉంటుంది. అంతే, ఒక సైటేషన్ పడిపోయింది. విజయవాడ స్టేషన్లో దిగే జనంలో రైలు మారడానికి దిగినవాళ్లు ఎందరుంటారు? ఇదీ అంతే. నేను వాడిన ఎంఎంఎస్ఈ (మతి ఎలా ఉందో చిన్న ప్రశ్నలతో చూసే పరీక్ష), అంటే ఫోల్‌స్టీన్ 1975 పేపర్, అదీ ఇలాంటిదే. పనిముట్టుగా గొప్పది, కానీ జ్ఞాపకశక్తి గురించి కొత్త సంగతేమీ చెప్పదు.

మరి ఏం చేయాలి? ఈ నాలుగైదేళ్లలో, వేర్వేరు ల్యాబుల వాళ్లు రాసిన మంచి రివ్యూలు (ఒక విషయం మీద వచ్చిన పేపర్లను సమీక్షించే వ్యాసాలు) మూడో నాలుగో పట్టుకోండి. బ్రాడీపేటలో జిరాక్స్ తీయించి రిఫరెన్సుల పేజీల మీద హైలైటర్‌తో గీసుకుంటూ పోయేవాణ్ణి నేను. మీరు ఎక్సెల్‌లో చేసుకోండి. అడ్డంగా రివ్యూలు, నిలువుగా పేపర్లు. అన్నిటిలోనూ టిక్కు పడినవే మీ అసలు జాబితా. రెండు పేపర్లను ఎందరు కలిపి ఉదహరించారో లెక్కించే పద్ధతిని 1973లో హెన్రీ స్మాల్ ప్రతిపాదించాడు, మనం చేసేది దానికి చిన్న చుట్టం. బొమ్మగా చూడాలనిపిస్తే వీఓఎస్‌వ్యూయర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితమే, కానీ పీజీ థీసిస్‌కి అంత హంగామా అక్కర్లేదు.

ఆ షీట్‌లో ఇంకో కాలమ్ తప్పకుండా పెట్టండి: ఏ వాక్యంలో ఉదహరించారు? "తొలిసారి చూపించారు" అన్నారా, "దీనికి భిన్నంగా" అన్నారా, లేక పది పేర్ల బ్రాకెట్‌లో ఒకటిగా పడేశారా? నా లెక్కలో సంఖ్య కన్నా ఈ కాలమే విలువైనది. గూగుల్ స్కాలర్‌లో పేపర్ కింద ఉండే 'సైటెడ్ బై' నొక్కి, ఉదహరించిన వాటిలోనే వెతికే గడి టిక్ చేసి, మీ టాపిక్ పదం కొట్టండి. వేలల్లో ఉన్నవి చదవగలిగినన్నికి దిగొస్తాయి.

పాత పేపర్‌కి సైటేషన్లు పోగుపడే టైమ్ ఎక్కువ కాబట్టి ఏడాదికి ఎన్ని అని చూడండి. మరీ పాతవాటికి ఉల్టా జరుగుతుంది. నరంలో విద్యుత్ సంకేతం ఎలా సాగుతుందో చెప్పే 1952 నాటి హాడ్జ్‌కిన్, హక్స్‌లీ సమీకరణాలు పాఠ్యపుస్తకాల్లో కలిసిపోయాయి, చాలామంది అసలు పేపర్‌ను ఉదహరించకుండానే వాడేస్తారు.

ఇంకొకటి, వైవాలో (థీసిస్ మీద మౌఖిక పరీక్షలో) పరువు పోయే విషయం. అల్జీమర్స్‌లో ఒక రకం అమిలాయిడ్ ప్రొటీన్ ముద్ద మతిమరుపు తెస్తుందన్న 2006 నేచర్ పేపర్‌ను బొమ్మల్లో మార్పులు చేశారని తేలాక 2024లో ఉపసంహరించారు. ఈలోగా 2 వేలకు పైగా సైటేషన్లు పడ్డాయి, అవి ఎక్కడికీ పోలేదు. జాబితాలోని ప్రతి పేపర్‌నూ పబ్‌మెడ్‌లో (వైద్య పేపర్లు వెతికే వెబ్‌సైట్) ఒకసారి తెరవండి, ఉపసంహరించినదైతే పైనే కనిపిస్తుంది.

మీ టాపిక్‌కి స్కోవిల్, మిల్నర్‌ల 1957 పేపర్ ఎలాగూ జాబితాలో పైకొస్తుంది. మూర్ఛ తగ్గించడానికి మెదడుకు రెండు వైపులా హిప్పోకాంపస్ భాగాలు తీసేశాక కొత్త జ్ఞాపకాలు నిలవని హెచ్.ఎం. అనే రోగి కథ అది. రివ్యూల్లోని సారాంశంతో సరిపెట్టుకోకండి, పబ్‌మెడ్ సెంట్రల్‌లో మొత్తం పేపర్ ఉచితంగానే ఉంది.