బెర్గెన్‌లో ముసురు, మావారి గాలం

ప్రశ్న: మా అబ్బాయికి నార్వేలోని బెర్గెన్‌లో ఉద్యోగం. జూన్‌లో నేనూ మావారూ వెళ్తున్నాం. అక్కడ రోజూ వానేనట. నాకు మోకాళ్ల నొప్పులు. ఆయనేమో పొద్దున్న లేస్తే కాలవ గట్టున గాలం పట్టుకుని కూర్చునే మనిషి. నెల్లాళ్లు ఇంట్లోనే గడిపేయాలా అని టెన్షన్‌గా ఉంది.
– ఓ పాఠకురాలు, అమలాపురం

జవాబు: వాన మాట నిజమేనమ్మా, ఏడాదిలో 200 రోజులకు పైగా పడుతుంది. కానీ అది తగ్గాక వెళ్దామని కూర్చుంటే మాత్రం మీరన్నట్టే నెల గడిచిపోతుంది. అక్కడివాళ్లు రెయిన్‌కోటు తగిలించుకుని పిల్లాజెల్లాతో బయటికి పోతారు, మీరూ అలాగే వెళ్లండి. గొడుగు నమ్ముకోకండి, సముద్రపు గాలికి తిరగబడుతుంది. మంచి రెయిన్‌కోటు, జారని బూట్లు, లోపల ఉన్ని స్వెటరు ఉంటే చాలు. జూన్‌లో రాత్రి పదింటికి కూడా వెలుతురుంటుంది కాబట్టి పొద్దున వాన పడితే భోజనాలయ్యాక సాయంత్రం బయల్దేరినా బోలెడు పొద్దు.

మోకాళ్ల సంగతికొస్తే, ఊరి మధ్యనుంచే ఫ్లోయెన్ కొండ మీదికి పట్టాల మీద నడిచే ఫ్లోయిబానెన్ అనే కొండ రైలు ఉంది, 1918 నుంచీ నడుస్తోంది. కొన్ని నిమిషాల్లో 320 మీటర్ల ఎత్తున దిగుతారు. కొండలే లేని కోనసీమ నుంచి వెళ్లిన మీకు అక్కడ నిలబడి రేవునీ, దీవుల్నీ కిందికి చూడటమే పెద్ద పండగ. పైన చదును బాటలున్నాయి, మెల్లగా నడవొచ్చు. అక్కడినుంచి ఉల్రికెన్ అనే మరో కొండ దాకా కొండల మీదుగా సాగే విడెన్ నడక జోలికి మీరు పోవద్దు, అది గంటల తరబడి పని, అబ్బాయిని వెళ్లిరమ్మనండి. కిందికొచ్చాక రేవు పక్కనే ఉన్న బ్రిగ్గెన్ అనే పాత పేటలో చెక్క ఇళ్ల సందుల్లో తిరగండి, ఆ పలకల మీద అడుగు పడితే కిర్రుమంటుంది, పాత చెక్క వాసన వస్తుంది. 1979లో యునెస్కో గుర్తించిన చోటది.

ఇక మీవారి గాలం. నాకు అన్నిటికన్నా సంతోషం కలిగించేది ఇదే. నార్వేలో సముద్రంలో సరదాకి గాలం వేయడానికి లైసెన్సు అక్కర్లేదు, డబ్బు కట్టక్కర్లేదు, ఒడ్డున కూర్చుని వేసుకోవచ్చు. చెరువులకీ ఏర్లకీ మాత్రం పర్మిట్ కావాలి. ఎండాకాలంలో మాకెరెల్ చేపలు ఒడ్డు దగ్గరికి వస్తాయి, మన కానాగంతల చుట్టాలే అవి. ఎర కూడా అక్కర్లేదు, మెరిసే ఇనుప ముక్క గాలానికి కట్టి లాగితే వెంటబడతాయి. కొన్ని జాతులకు కనీస సైజు ఉంది, అంతకన్నా చిన్నవి పడితే వదిలేయాలి. పట్టింది అమ్మకూడదు, ఆయన అమ్మరనుకోండి. నిబంధనలు ఒకసారి అబ్బాయితో చదివించుకుని వెళ్లమనండి.

చింతపండూ కారం మాత్రం మర్చిపోకుండా పట్టుకెళ్లండి, పులుసు అక్కడే కాయొచ్చు.