తల్లిదండ్రులు పోయిన హెచ్‌ఐవీ పిల్లల్ని బంధువులు ఇంట్లో పెంచగలరా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. అక్కా బావా ఇద్దరూ పోయారు. ఏడేళ్ల పాప ఏఆర్‌టీ (హెచ్‌ఐవీని అదుపులో ఉంచే) మందులు వాడుతోంది. ఎనిమిది నెలల బాబుకీ రక్తపరీక్ష పాజిటివ్ అన్నారు. మేం పెంచగలమా, ఆశ్రమంలో చేర్పించాలా?

జవాబు: పెంచగలరండి. ఆశ్రమం మాట పక్కన పెట్టి ముందు బాబు సంగతి తేల్చుకోండి. వాడికి హెచ్‌ఐవీ లేకపోవచ్చు.

మామూలు పరీక్ష చూసేది వైరస్‌ను కాదు, దాన్ని ఎదుర్కోవడానికి ఒంట్లో తయారయ్యే యాంటీబాడీలను. తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు పసివాడి రక్తంలో 18 నెలల దాకా ఉండొచ్చు. వైరస్ ఉందో లేదో తేల్చేది డీబీఎస్, అంటే ఎండిన రక్తపు చుక్కల పరీక్ష. మడమనో కాలి బొటనవేలినో పొడిచి, రక్తపు చుక్కల్ని కార్డు మీద ఆరబెట్టి ల్యాబుకు పంపుతారు. 6 వారాలకు, 6 నెలలకు, 12 నెలలకు పరీక్షలు ఉంటాయి, 18 నెలలకు ఆఖరి నిర్ధారణ. మీ వాడికి ఆరో నెలది జరిగిందా? లేకపోతే పన్నెండో నెల దాకా ఆగకండి, ఐసీటీసీలో (ప్రభుత్వ హెచ్‌ఐవీ పరీక్షా కేంద్రంలో) రేపే అడగండి. డీబీఎస్ పాజిటివ్ వస్తే రెండో నమూనా తీసి, ఆ ఫలితం కోసం కూర్చోకుండా మందు మొదలుపెట్టించాలి. పసిపిల్లల్లో జబ్బు చాలా తొందరగా ముదురుతుంది. నెగటివ్ వచ్చినా 18 నెలల పరీక్ష మానకూడదు. ఈలోగా వేరే ఇన్ఫెక్షన్లు రాకుండా ఇచ్చే కోట్రైమాక్సజోల్ సిరప్ ఆపకండి.

ఊయలల్లో వదిలేసిన పసికందుల విషయంలో నాకు ఒళ్లు మండేది ఇక్కడే. యాంటీబాడీలు చూసే ఒక్క ర్యాపిడ్ పరీక్ష చేసి ఫైలు మీద 'పాజిటివ్' అని రాసేస్తే, దత్తతకు వచ్చినవాళ్లు ఆ ఫైలు మూసేసి పక్క ఫైలు తీస్తారు. 18 నెలలకు నెగటివ్ అని తేలేసరికి ఆ బిడ్డ నడిచేస్తుంటుంది.

ఇక పాప. ఎక్కువ ఇళ్లలో దెబ్బ తగిలేది తిండి దగ్గర కాదు, తూకం దగ్గర. ఇలాంటి ఇంట్లో మామ్మ ఒక్కతే బస్సెక్కి బరంపురం వెళ్లి ఏఆర్‌టీ కేంద్రంలో పిల్ల మందులు తెస్తుంది. మనవరాలిని తీసుకెళ్తే బడి పోతుంది, టికెట్టు అదనం, దారిలో ఎవరైనా చూస్తారని భయం. పిల్ల వెళ్లదు గనక బరువు చూడరు, బరువు చూడరు గనక పాత మోతాదే చేతికొస్తుంది. 13 కిలోలప్పుడు రాసిన మాత్రలు 19 కిలోలకీ నడుస్తుంటాయి. డబ్బాలో మాత్రల లెక్క సరిపోతుంది, వైరల్ లోడు (రక్తంలో వైరస్ లెక్క) మాత్రం మి.లీ.కు 1,000 దాటేస్తుంది. అప్పుడు అందరూ కలిసి మామ్మ మీద పడతారు.

ఏఆర్‌టీలో ముఖ్యమైన మందు డొలుటెగ్రావిర్. నీళ్లలో కరిగే పిల్లల 10 మి.గ్రా. మాత్రలు రోజుకు, 10 నుంచి 14 కిలోల లోపు రెండు, 14 నుంచి 20 లోపు రెండున్నర. 20 కిలోలు రాగానే పెద్దల 50 మి.గ్రా. మాత్ర ఒకటి. తోడుగా వేసే అబాకవిర్-లామివుడిన్ కూడా బరువును బట్టే మారుతుంది. మాత్రలు మీరే మార్చకండి. నెలనెలా తూచి ఏఆర్‌టీ కార్డు వెనక రాసుకోండి, పిల్లను వెంటబెట్టుకుని వెళ్లండి.

మాత్రల్ని రెండు చిన్న చెంచాల మంచినీళ్లలో కరిగించి అరగంటలోపు తాగించాలి. గిన్నె అడుగున తెల్లగా మిగిలేదీ మందే. ఇంకో చెంచాడు నీళ్లు పోసి తిప్పి అదీ తాగించండి. అరగంటలోపు కక్కేస్తే మళ్లీ వేయాలి. మాత్రల్ని వేరే డబ్బాలోకి మార్చకండి, చెమ్మ పడుతుంది. బడిలో వారానికోసారి ఇచ్చే ఐరన్ మాత్ర, కాల్షియం, గ్యాస్ మందు డొలుటెగ్రావిర్‌ను ఒంటికి పట్టనివ్వవు. దాన్ని వాటికి 2 గంటల ముందో 6 గంటల తర్వాతో వేయాలి. రాత్రి అన్నం తర్వాత వేసే అలవాటైతే ఈ పేచీయే రాదు, బడికి చెప్పాల్సిన పనీ ఉండదు. అబాకవిర్ మొదలైన తొలి వారాల్లో జ్వరం, దద్దుర్లు, వాంతులు కలిసి వస్తే ఆ రోజే డాక్టరుకు చూపించాలి. టీబీ మందులు రాస్తే, రిఫాంపిసిన్ ఉంటే డొలుటెగ్రావిర్ రోజుకు రెండుసార్లు కావాలి. ఇది టీబీ డాక్టరుకు మీరే గుర్తు చేయాలి.

పళ్ల బుట్టతో వచ్చి పిల్లలతో ఫొటో దిగుతామనేవాళ్లను గుమ్మంలోంచే పంపించేయండి. పిల్లలకు హెచ్‌ఐవీ ఉందని అనుమతి లేకుండా బయటపెట్టడాన్ని 2017 హెచ్‌ఐవీ చట్టం ఒప్పుకోదు. వాళ్లకు అంత దయ ఉంటే బరంపురానికి బస్సు టికెట్లు కొనిపెట్టమనండి.

ఆశ్రమం నిజంగా తప్పకపోతే, ఎవరో చెప్పారని తీసుకెళ్లి అప్పగించకూడదు. జిల్లా బాలల సంక్షేమ కమిటీ ఉత్తర్వు ఉండాలి, ఆ ఆశ్రమం 2015 బాలల న్యాయ చట్టం కింద నమోదై ఉండాలి. కానీ మీ దగ్గరే ఉంచుకుంటే, అర్హత కుదిరితే, కేంద్రం పథకం మిషన్ వాత్సల్య కింద ఒక్కో బిడ్డకు నెలకు రూ.4,000 స్పాన్సర్‌షిప్ వస్తుంది. జిల్లా బాలల రక్షణ విభాగంలో దరఖాస్తు ఇవ్వండి. ఒడిశాలో మధుబాబు పెన్షన్ సంగతీ బ్లాకు ఆఫీసులో కనుక్కోండి.

ఒక్క హెచ్చరిక. మన ఊళ్లో చూస్తారని సరిహద్దు దాటి శ్రీకాకుళం వైపు ఏఆర్‌టీ కేంద్రంలో కొత్త కార్డు తీసుకునేవాళ్లున్నారు. వెళ్లండి, తప్పు లేదు. పాత కేంద్రంలో ట్రాన్స్‌ఫర్ కాగితం, వైరల్ లోడు రిపోర్టులు తీసుకుని మరీ వెళ్లండి. లేకపోతే పాపకు ఇంతవరకు ఏ మందులు నడిచాయో అక్కడివాళ్లకు తెలియదు.