ఫ్రాన్స్ వైన్ యాత్ర: ఏ ప్రాంతం, రోజుకు ఎన్ని తోటలు, ఏ నెలలో?

ప్రశ్న: మా పెళ్లయి పాతికేళ్లు నిండుతున్నాయి. మావారూ నేనూ ఫ్రాన్స్‌లో ద్రాక్షతోటలు చూసి, అక్కడి వైన్‌లు రుచి చూడాలనుకుంటున్నాం. చేతిలో వారం రోజులున్నాయి. బోర్డో, బర్గండీ, షాంపేన్ మూడూ తిప్పుతామని ఒక ప్యాకేజీ కనిపించింది. తీసుకోవచ్చా?

జవాబు: వద్దండీ. ఒకసారి మ్యాపు ముందు పెట్టుకుని చూడండి. బోర్డో నైరుతిన సముద్రానికి దగ్గరగా ఉంటుంది. బర్గండీ తూర్పున, షాంపేన్ పారిస్‌కు ఈశాన్యాన. పారిస్ నుంచి లెక్కేస్తే అన్నీ దగ్గరే అనిపిస్తాయి. టీజీవీ అనే వేగపు రైల్లో బోర్డోకు రెండు గంటల పైచిలుకు, బర్గండీలోని డిజాన్‌కు సుమారు గంటన్నర, షాంపేన్‌లోని రాంస్‌కు ముప్పావుగంట. కానీ ఈ మూడు రైళ్లూ పారిస్‌లో మూడు వేర్వేరు స్టేషన్ల నుంచి బయల్దేరతాయి. బోర్డో నుంచి బర్గండీకి వెళ్లాలంటే గది ఖాళీ చేసి, పారిస్ దాకా వచ్చి, పెట్టెలతో ఊరు దాటి స్టేషన్ మారి, మళ్లీ రైలెక్కాలి. ఆ రోజు ఇక ఏ తోటా చూడలేరు. వారంలో అలాంటి రోజులు రెండు పోతే మిగిలేదేముంది? ఒక్క ప్రాంతం ఎంచుకుని అక్కడే నాలుగు రాత్రులుండండి. ఆశ తీరకపోతే పారిస్ నుంచి షాంపేన్‌కు ఒక రోజు వెళ్లి రావచ్చు.

ఇక ఏ ప్రాంతం అన్నది. బోర్డోలో పెద్ద పెద్ద షాటోలు (తోటతో కూడిన వైన్ భవంతులు), నాలుగైదు ద్రాక్ష రకాలు కలిపి చేసే ఎర్ర వైన్‌లు. నదికి ఎడమ ఒడ్డున మెడాక్‌లో కాబెర్నే సోవిన్యోన్‌ది పైచేయి, కుడి ఒడ్డున సెంట్ ఎమిలియోన్‌లో మెర్లోది. 1855 నాటి వర్గీకరణలో పేరుకెక్కిన ఎర్ర వైన్ షాటోలు దాదాపు అన్నీ మెడాక్‌లోనే ఉన్నాయి. అవి డీ2 అనే రోడ్డు వెంబడి దూరదూరంగా ఉంటాయి, ముందుగా అపాయింట్‌మెంట్ లేనిదే గేటు తీయరు. కారు లేకుండా మెడాక్ కష్టం. సెంట్ ఎమిలియోన్ అలా కాదు. బోర్డో నుంచి లోకల్ రైలుంది, స్టేషన్ నుంచి ఊళ్లోకి పావుగంటో ఇరవై నిమిషాలో నడక. 1999లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కిన పాత ఊరు అది.

ఒక వైన్‌కూ మరో వైన్‌కూ తేడా ఎందుకొస్తుందో తెలుసుకోవాలనుంటే బర్గండీకి సాటి లేదు. ఎరుపుకు పీనో న్వార్, తెలుపుకు షార్దొనే, ప్రధానంగా ఈ రెండే. ద్రాక్ష ఒకటే, చేసే మనిషీ ఒకరే, మారేది ద్రాక్ష పండిన నేల ముక్క ఒక్కటే. కొండవాలులో మధ్య భాగం నుంచి వచ్చినదీ, దిగువ చదును నేల నుంచి వచ్చినదీ పక్కపక్కన పోసి చూపిస్తారు. అది నోటితో తెలుసుకోవాల్సిన సంగతి, ఎంత చదివినా అందదు. ఊరి పేరుతో వచ్చే వైన్, ఆపైన ప్రెమియే క్రూ, అన్నిటికంటే పైన గ్రాండ్ క్రూ. ఈ గ్రాండ్ క్రూలు 33, ప్రాంతం మొత్తం దిగుబడిలో వాటి వాటా నూటికి ఒకటి లెక్కన. చిన్న కుటుంబాలు కొద్దిపాటి సీసాలే తీస్తాయి కాబట్టి చాలామంది సందర్శకులను రానివ్వరు. అందుకే మూడు నాలుగు నెలల ముందే ఉత్తరం రాయాలి. అక్కడి బోన్ పట్టణంలో దిగితే నడిచివెళ్లగలిగే సెల్లార్లు, అంటే వైన్ నిలవచేసే నేలమాళిగలు, ఊళ్లోనే ఉన్నాయి.

తొలిసారి వెళ్లేవాళ్లకు మేం గట్టిగా చెప్పేది ఫ్రాన్స్ తూర్పు అంచున ఉన్న అల్సాస్. మార్లెన్‌హైమ్ నుంచి తాన్ దాకా దాదాపు 170 కిలోమీటర్ల వైన్ రోడ్డును 1953లో ఏర్పాటు చేశారు. రెండు మూడు కిలోమీటర్లకో ఊరు, ఊళ్లోనే వీధి మీదికి తెరుచుకునే సెల్లార్లు. ఫ్రాన్స్‌లో పేరున్న వైన్‌ల లేబుల్ మీద ఎక్కువగా ఊరి పేరే ఉంటుంది. అల్సాస్‌లో మాత్రం ద్రాక్ష పేరు రాస్తారు: రీస్లింగ్, గెవుర్జ్‌ట్రామినర్, పీనో గ్రీ. కొత్తవాళ్లకు ఇది ఎంతో సాయం. అక్కడి కోల్మార్ పట్టణంలో మకాం పెట్టండి.

మీ ఇద్దరికైతే అల్సాస్‌లో నాలుగు రాత్రులు, తిరుగుదారిలో పారిస్ నుంచి షాంపేన్‌కు ఒక రోజు. ఎర్ర వైనే ఇష్టమైతే అల్సాస్ బదులు బోన్.

ప్రశ్న: రెండు సంస్థలు పంపిన కార్యక్రమాలు పక్కపక్కన పెట్టి చూస్తున్నాను. ఒకరు రోజుకు రెండు తోటలంటున్నారు, ఇంకొకరు అదే ధరకు అయిదు. రెండోది లాభమే కదా?

జవాబు: కాదు. లెక్క చూడండి. ఒక్కో చోట ఆరు రకాలు, రకానికి 4 సెంటీలీటర్ల చొప్పున పోస్తారనుకుందాం. ఒక చోటికి 24 సెంటీలీటర్లు. మూడు చోట్లయితే 72. సీసాలో పట్టేది 75. అంటే మూడో తోట దాటేసరికి మనిషికో సీసా అయినట్టే. అయిదు చోట్లయితే సీసాన్నర పైమాటే. రుచి చూసి మింగకుండా ఉమ్మేయడం అక్కడ మామూలే, కానీ అలా ఉమ్మేసినా నాలుక మొద్దుబారుతుంది. ఎర్ర వైన్‌లోని వగరు నోట్లో పేరుకుపోయి మధ్యాహ్నం మూడు తర్వాత అన్నీ ఒకేలా అనిపిస్తాయి. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, అదీ సరైన కొలత. మూడుకు మించితే ఆ కార్యక్రమం పక్కన పెట్టేయండి.

అయిదు చోట్లని రాసినవాళ్లను ఇంకో మాట అడగాలి. వాటిలో లోపలికి తీసుకెళ్లేవి ఎన్ని, గేటు బయట ఫొటో తీసుకుని కదిలేవి ఎన్ని? బర్గండీలో పేరుమోసిన రొమానే కోంతి తోట దగ్గర ఆగుతామని చాలా కార్యక్రమాల్లో ఉంటుంది. అక్కడ చూసేది గోడ, రాతి శిలువ, ఆ వెనక తోట. ఆ తోట యజమాని సంస్థ తన సెల్లార్‌లోకి సందర్శకులను రానివ్వదు. ఆగడంలో తప్పు లేదు, దాన్ని సందర్శన కింద లెక్కకట్టి డబ్బు తీసుకోవడమే తప్పు.

రాతపూర్వకంగా అడగాల్సినవి ఇవి. ప్రతి తోట పేరూ, అక్కడ పోసే వైన్ పేరూ. పేరున్న షాటోలో చాలాసార్లు ప్రధాన వైన్ బదులు చౌకైన రెండో వైన్ పోస్తారు, అది ముందే తెలియాలి. రుచి రుసుము ధరలో కలిసి ఉందా, లేదా అన్నది. షాంపేన్ పెద్ద కంపెనీల్లో ఒక్క సందర్శనకే మనిషికి 30 యూరోలో, అంతకంటే ఎక్కువో అవుతుంది. బృందంలో ఎంతమంది? ఎనిమిది మందైతే మినీబస్సులో సరిపోతారు, చిన్న కుటుంబం తన సెల్లార్‌లోకి పిలుస్తుంది. ఇరవై దాటితే పెద్ద హాలున్న చోటికే తీసుకెళ్లగలరు. వివరించేది తోటవాళ్లా, బస్సు గైడా? ఏ భాషలో? మధ్యాహ్న భోజనానికి ఎంత సమయం ఇచ్చారు? పన్నెండు నుంచి రెండు దాకా తోటలు చాలావరకు మూసే ఉంటాయి. భోజనానికి ముప్పావుగంటే పెట్టిన కార్యక్రమంలో రెండో అపాయింట్‌మెంటుకు ఆలస్యం తప్పదు. ఆలస్యంగా వెళ్తే వివరణ కుదించి నేరుగా గ్లాసుల దగ్గరికి తీసుకెళ్తారు.

ప్రశ్న: కారు అద్దెకు తీసుకుంటాం. ఉమ్మేస్తే నడపొచ్చంటారు, నిజమేనా?

జవాబు: దాని మీద ఆధారపడకండి. ఫ్రాన్స్‌లో హద్దు లీటరు రక్తానికి 0.5 గ్రాములు. అక్కడి కొత్త లైసెన్సుదారులకైతే 0.2 గ్రాములే. ఉమ్మినా కొంత నోటి నుంచి, కొంత మింగుడు పడి లోపలికి వెళ్తుంది. ఎంత వెళ్లిందో మీకు తెలిసే దారి లేదు. ఒకరోజు ఒకరు అసలు ముట్టకుండా నడపండి, మర్నాడు ఇంకొకరు. లేదా కారుతో పాటు డ్రైవరును ఒక్క రోజుకు కుదుర్చుకోండి. మెడాక్‌లో ఇదే ఉత్తమం. సైకిలు తీసుకుందామన్నా తాగి తొక్కడం అక్కడ నేరమే. ఆ రోజు ముట్టకుండా నెమ్మదిగా వెళ్లేవాళ్లకు బోన్ నుంచి పొమ్మార్, వొల్నే, మర్సో మీదుగా సాంతనే దాకా తోటల మధ్య ఇరవై కిలోమీటర్ల పైన సైకిలు దారి ఉంది. అంత అందమైన దారి ఇంకోటి చెప్పలేం.

ప్రశ్న: నా భార్య తాగదు, శాకాహారి కూడా. తనకు విసుగు రాకుండా ఎక్కడికి వెళ్లాలి?

జవాబు: లువార్ లోయకు. తూర్ పట్టణంలో ఉంటే ఒక పూట వూవ్రే, షినోన్ వంటి చోట్ల సెల్లార్, ఇంకో పూట రాజభవనం, తోట. అక్కడ మెత్తటి సున్నపురాయి కొండలో తొలిచిన సెల్లార్లు వైన్ తాగనివాళ్లు కూడా చూడదగినవి. తాగనివారు ఒకరున్నారని ముందే రాస్తే కొన్నిచోట్ల ద్రాక్షరసం సిద్ధంగా ఉంచుతారు. రుచి పళ్లెంలో మాంసం ముక్కలు మామూలు, అందుకే గుడ్డు, చేప, మాంసం ఏవి తినరో విడివిడిగా రాయండి. శాకాహారమన్న ఒక్క మాటకు చేప వడ్డించే ప్రమాదముంది. శాకాహారం పాటిస్తూ వైన్ తాగేవాళ్లు ఇంకొకటి గమనించాలి. వైన్‌ను తేటపరచడానికి కొందరు గుడ్డు తెల్లసొన, పాల ప్రోటీన్, చేప నుంచి తీసిన జిగురు వాడతారు. వేగన్ గుర్తున్న సీసా అడగండి.

ప్రశ్న: ద్రాక్ష కోతల సమయంలో వెళ్తేనే బాగుంటుందా?

జవాబు: చూడటానికి బాగుంటుంది, రుచికి కాదు. ఆగస్టు చివరి నుంచి అక్టోబరు మొదటి వారాల దాకా, ప్రాంతాన్నీ ఆ ఏటి ఎండనూ బట్టి కోతలు సాగుతాయి. చిన్న కుటుంబాల్లో అందరూ తోటలోనే ఉంటారు, మిమ్మల్ని కూర్చోబెట్టి మాట్లాడే తీరిక ఎవరికీ ఉండదు. పైగా తేదీ ముందుగా ఎవరూ చెప్పలేరు. మా ఓటు మే చివర, జూన్. అది కుదరకపోతే అక్టోబరు రెండో సగం. మే తొలి వారాల్లో సెలవులు ఎక్కువ, ఆగస్టులో యజమానులే సెలవు మీద పోతారు. ఆదివారం ఏ నెలైనా నమ్మకం లేదు. నవంబరు మూడో ఆదివారం బోన్‌లో అక్కడి పాత ఆసుపత్రికి చెందిన తోటల వైన్ వేలం జరుగుతుంది, ఆ వారాంతం గదులు దొరకవు.

ఏ నెలలో వెళ్లినా ఒక స్వెట్టరు పెట్టుకోండి. షాంపేన్ సెల్లార్లలో ఏడాది పొడుగునా 10 నుంచి 12 డిగ్రీలే. మెట్లు కూడా ఎక్కువ, రాంస్‌లో పొమ్మెరీ అనే షాంపేన్ కంపెనీ సెల్లార్‌కు 116. మోకాళ్ల నొప్పులున్నవారు లిఫ్టు ఉందేమో ముందే కనుక్కోవాలి. సెంటు పూసుకోవద్దు, పక్కవాళ్లకూ వాసన తెలియకుండా పోతుంది. తెలుపు ముందు, ఎరుపు తర్వాత అన్నది మామూలు క్రమమే గానీ, బర్గండీలో ఎరుపు ముందు పోస్తే పొరపాటనుకోకండి. అక్కడ చాలామంది పద్ధతి అది.

ప్రశ్న: ఎన్ని సీసాలు తెచ్చుకోవచ్చు? పన్ను వెనక్కి వస్తుందా?

జవాబు: సీసా బరువు కిలో పావు నుంచి కిలోన్నర, షాంపేన్ అయితే ఇంకాస్త ఎక్కువ. ఆరు సీసాలకు ఎనిమిది తొమ్మిది కిలోలు పక్కన పెట్టుకోండి. చేతిసంచిలో రానివ్వరు, విమానంలో చెకిన్ చేసే పెట్టెలోనే సర్దాలి. గాలి నింపే సంచులు అక్కడి వైన్ దుకాణాల్లో దొరుకుతాయి. మీ దేశపు కస్టమ్స్ పరిమితి సీసాలు కొనకముందే చూసుకోండి. తోట నుంచి పార్సెల్ పంపించుకుంటే రవాణా, సుంకం కలిపి తరచూ సీసా ధరను మించిపోతుంది.

యూరోపియన్ యూనియన్ బయట నివసించేవారు ఒకే దుకాణంలో కొన్నది 100 యూరోలు దాటితే పన్ను వాపసు కోరవచ్చు. డబ్బు కట్టకముందే పాస్‌పోర్ట్ చూపించి పత్రం అడగాలి, తర్వాత అడిగితే ఇవ్వరు. చిన్న తోటల్లో చాలామంది ఈ సదుపాయం ఇవ్వరు. విమానాశ్రయంలో పెట్టె అప్పగించక ముందే ఆ పత్రాన్ని పాబ్లో అనే పన్ను వాపసు యంత్రంలో స్కాన్ చేయాలి, కస్టమ్స్ వాళ్లు సీసాలు చూపించమనవచ్చు. వైన్ మీద పన్ను 20 శాతమే అయినా, మధ్యవర్తి రుసుము పోగా చేతికొచ్చేది అంతకంటే తక్కువ.

వేసవిలో సీసాలను కారు డిక్కీలో మాత్రం వదలకండి. ఎండకు లోపల వేడెక్కి, వైన్ వ్యాకోచించి కార్కును పైకి నెడుతుంది, ఆ సందులోంచి గాలి చొరబడుతుంది. కొనడం ఆఖరి రోజుకు ఉంచుకోండి.