కొత్త జాతి అని రాసే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

మ్యూజియం సొరుగులోంచి వేరుచేసిన చిమ్మటలు ఏ జాతికీ సరిపోవడం లేదని రాశావు. కొత్త జాతే కావచ్చు. రెక్కల రంగొక్కటే చూసి మాత్రం ఆ మాట అనకు. పాత నమూనాల్లో ఆకుపచ్చ వెలిసి పసుపుబారుతుంది. ఒంట్లోని కొవ్వు రెక్కల్లోకి పాకితే గీతలే కనబడవు. కొన్ని జాతుల్లో మగదీ ఆడదీ అసలు పోలికే లేకుండా ఉంటాయి. వెనక రెక్క మొదట్లో ఉండే ముల్లు చూడు: ఒక్కటే ఉంటే మగది, ఎక్కువ ఉంటే సాధారణంగా ఆడది.

ముందు చీటీల పని. పిన్నుకున్న ప్రతి చీటీనీ అదే వరుసలో ఫొటో తీసి, అక్షరం పొల్లుపోకుండా ఎక్కించుకో. ఊరి పేరు తప్పుగా ఉన్నా దిద్దకు. నీ సవరణ వేరే చీటీ మీద రాసి అడుగున గుచ్చు. టైప్ (ఒక జాతి పేరుకు ఆధారంగా నిలిచిన నమూనా) అని ఉన్న చీటీని కూడా మూల వర్ణనలోని ఊరు, తేదీలతో సరిచూశాకే నమ్ము.

జాతి తేడా చాలావరకు పొట్ట చివరి జననాంగాల్లో తేలుతుంది. పొట్ట విడదీయడానికి మ్యూజియం అనుమతి తీసుకో. డీఎన్‌ఏ కావాలంటే ఒక కాలు ముందే తీసి పొడిగా దాచు. పొట్టను 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో ఓ రాత్రి ఉంచు, లేదా అది ఉన్న గొట్టాన్ని వేడినీళ్ల గిన్నెలో 10–20 నిమిషాలు నిలబెట్టు. నేరుగా మంట చూపిస్తే ద్రావణం పైకి చిమ్ముతుంది, కళ్లకు ప్రమాదం. ఎక్కువసేపు ఉంచితే ఆడ చిమ్మటలోని కార్పస్ బర్సే (మగదాని వీర్యం చేరే) సంచి పలచబడి చిరిగిపోతుంది. దాని గోడ కంటికి ఆనాలంటే క్లోరాజోల్ బ్లాక్ రంగు వెయ్యాలి. పొలుసుల్ని నీళ్లలో మెత్తని కుంచెతో తుడువు.

నమూనాకీ, పొట్ట దాచే గొట్టానికీ, స్లైడుకీ ఒకటే నంబరు ఉండాలి. గొట్టంలోని చీటీ పెన్సిల్‌తో రాయి, సిరా ఆల్కహాల్‌లో కరిగిపోవచ్చు. పొట్టలు తారుమారైతే ఆ నమూనాలు శాస్త్రానికి పనికిరావు.

మగదానిలో ఫాలస్‌ను (జననాంగపు గొట్టం) విడిగా తీసి, వీలైతే వెసికాను (దాని లోపలి మెత్తని సంచి) బయటికి ఉబ్బించు. చాలాసార్లు అసలు తేడా ఆ సంచి మీది ముళ్లలోనే ఉంటుంది. స్లైడు మీద యూపరాల్ జిగురు వేసి గాజుపలక మూయకముందే, ఆల్కహాల్‌లో ఉండగానే ఫొటోలు తియ్యి. పలక నొక్కిడికి వాల్వా (ఆడదాన్ని పట్టుకునే పక్క రేకు) వెడల్పు మారిపోతుంది. అలా నలిగిన ఆకారాన్నే కొత్త లక్షణం అనుకుని పేర్లు పెట్టినవాళ్లున్నారు! అందుకే వీలైనన్ని మగ నమూనాలు ఒకే కోణంలో పెట్టి పోల్చు.

తర్వాత పాత పేర్లు. ఆ ప్రజాతిలో పర్యాయనామాలతో సహా ప్రతి పేరుకీ టైప్ నమూనా చూడాలి. 19వ శతాబ్దపు వర్ణనలు చాలావరకు రంగుల గురించి నాలుగు వాక్యాలే. వాటితో ఏదీ తేలదు, టైప్ ఫొటో తెప్పించుకో. సింటైప్‌లు (ఒక్కదాన్ని ఎంచకుండా కలిపి టైప్‌గా పెట్టిన నమూనాలు) కలగాపులగంగా ఉంటే లెక్టోటైప్ (వాటిలోంచి తర్వాత ఎంచే ఒక్క టైప్) నిర్ణయించాల్సి రావచ్చు.

డీఎన్‌ఏ బార్‌కోడ్ (జాతిని గుర్తించే చిన్న డీఎన్‌ఏ ముక్క) తోడు సాక్ష్యమే. పాత నమూనాల్లో 658 అక్షరాల సీఓఐ జన్యువు ముక్క పూర్తిగా దొరకడం కష్టం. తేడా ఇంత శాతం ఉంటే వేరే జాతి అనే గీత అన్ని ప్రజాతులకూ కుదరదు.

హోలోటైప్‌గా (కొత్త పేరుకు ఆధారమయ్యే ఒకే ఒక్క నమూనా) అందమైనదాన్ని కాదు, పొట్ట చెడనిదీ ఊరూ తేదీ స్పష్టంగా ఉన్నదీ ఎంచు. 1999 తర్వాతి పేర్లకు హోలోటైప్ లేదా సింటైప్‌లు ఏవో, అవి ఏ సంగ్రహంలో ఉంటాయో రాయకపోతే పేరు చెల్లదు. దగ్గరి జాతుల నుంచి దీన్ని విడదీసే లక్షణాలు మొదటి పేరాలోనే చెప్పు.

ఆ ప్రజాతిలోని పేర్లన్నీ, వాటి టైప్‌లు ఎక్కడున్నాయో పట్టిక వేసి పంపు. వర్ణన రాయడం ఆ తర్వాత మొదలుపెడదువుగాని.