టీచర్లు చదువు చెప్పే తీరు సర్వీసు పెరిగేకొద్దీ నిజంగా మారుతుందా?

మారుతుంది. కానీ ట్రైనింగుల వల్ల మాత్రం కాదు, ఎవరితోనైనా పందెం కాస్తాను.

1991లో మా చిత్తూరు జిల్లాలో అక్షర తపస్మాన్ అని పెద్దవాళ్లకు చదువు నేర్పే అక్షరాస్యతా ఉద్యమం జరిగేటప్పుడు నేను వలంటీర్ని. రాత్రిపూట లాంతరు ముందు ఆడవాళ్లతో అక్షరాలు దిద్దించేవాణ్ణి. వేలిముద్ర మాని సంతకం పెట్టిందంటే రిజిస్టర్లో టిక్కు, ఆమె అక్షరాస్యురాలు. 1996 డీఎస్సీలో టీచరయ్యాక కూడా అదే బుద్ధి. గుణింతాలు అప్పజెప్పాడా, ఒత్తులు తప్పు లేకుండా రాశాడా, అంతే, వాడికి చదువొచ్చినట్టే.

2004 ప్రాంతంలో మూడో తరగతిలో ఒకడుండేవాడు. క గుణింతం పాటలా పాడతాడు. 'కౌ' మీద వేలు పెట్టి ఇదేందిరా అంటే, మళ్లీ 'క' దగ్గర మొదలుపెట్టి అక్కడిదాకా వస్తేగానీ చెప్పలేడు. మొద్దు అని పేరు పెట్టింది నేనే. ఇప్పుడు సిగ్గుగా ఉంది.

ఒకరోజు వాళ్లవ్వ బడి దగ్గరికొచ్చి, "అయివోరా, మావోణ్ణి రవ్వంతసేపు పంపించు సామీ, పాలపుస్తకం చూడాల" అంది. పాలసెంటర్లో పోసిన పాల లెక్క రాసే పుస్తకం అది. ఇక్కడే చూడమన్నాను. వాడు వరండాలో గొంతుక్కూర్చుని తేదీ, పొద్దున, సాయంత్రం, లీటర్లు, వెన్న, ఒక్కో గడి మీద వేలు జరుపుకుంటూ చదివాడు. "పద్నాలుగో తేదీ సాయంత్రం డబ్బుల్లేవవ్వా. 'విరిగినవి' అని రాసినారు ఈడ."

విరిగినవి! ఒక్క మాటలో నాలుగు గుడులు. ముందురోజు నా క్లాసులో 'గిలక' చదవలేక ఏడ్చినవాడు వీడే.

అవ్వ మాత్రం, సంతకం నేనే పెడతానని గర్వంగా చూపించింది. అక్షర తపస్మాన్‌లో నేర్చుకుందట. పేరొక్కటే మిగిలింది, తక్కినదంతా పోయింది. నాలాంటి వాడెవడో ఆమెకూ టిక్కు పెట్టే ఉంటాడు.

ఆ తర్వాత గుణింతం పట్టీని గోడకే వదిలేశాను. పాలపుస్తకాలు, రేషన్ కార్డులు, అగ్గిపెట్టెలు, పెళ్లిపత్రికలు, ఏవి దొరికితే అవి తెమ్మన్నాను. తెలిసిన మాటలోంచే అక్షరం విడదీయించాను. సిలబస్ ఏమైందని హెడ్మాస్టరు రోజూ గొణిగేవారు. నిజం చెప్పాలంటే నా పిల్లల్లో కొందరికి ఈరోజుకీ వర్ణమాల వరుసగా రాదు. రాకపోతే ఏం?

ట్రైనింగులంటారా, పదపద్ధతి అన్నారు, చదవడం, రాయడం మెరుగుపరచాలని క్లిప్ అన్నారు, 2021 నుంచి చిన్న తరగతులకే చదవడం, లెక్కలు వచ్చెయ్యాలని నిపుణ్ భారత్ అన్నారు. ప్రతిసారీ ఒక మాడ్యూలు, రెండు బిస్కెట్లు, ఒక టీ. చెప్పేది మంచిదే కావచ్చు, చేయడానికి టైమేదీ? మధ్యాహ్న భోజనం గుడ్ల లెక్కలు, బాత్రూం ఫోటోలు యాప్‌లో ఎక్కించడం, సిగ్నల్ కోసం ఫోన్ పట్టుకుని చింతచెట్టు దాకా నడవడం. సర్వీసులో చివరి రెండేళ్లు పిల్లల మొహాల కన్నా ఫోన్నే ఎక్కువ చూశాను. మీడియం గొడవ ఎత్తితే ఈ జవాబు తెల్లారదు.

ఆ పాలపుస్తకం చదివినవాడు ఇప్పుడు పాకాల దగ్గర పాలసెంటర్ చూసుకుంటున్నాడు. మొన్న కనిపిస్తే 'కౌ' ఎట్లా రాస్తావురా అని అడిగాను.

"ఇప్పుడంతా మిషన్ చీటీలే సార్, రాసే పనే లేదు" అన్నాడు.